ముసురు దినమున పాతబస్తీ

శ్రోతలారా! నేడు హైదరాబాదు పాతబస్తీని గూర్చి మీతో నాలుగు మాటలు మనవి చేసెదను. నవాబుల వైభవమును వర్ణించుట నా యుద్దేశము కాదు. ఒక వానదినమున మిత్రులతో పోయి నేను చూచివచ్చిన చింతచెట్టు మన యూరి చెఱువుకట్టను గూర్చి చెప్పు బుద్ధిని మాత్రమే వినిపించెదను.

అది భాద్రపదమాసము. తెల్లవారినది మొదలు ముసురు పట్టియుండెను. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా కట్టించిన చార్మినారును చూచి, పత్థర్‌గట్టి రాతి కమానుల క్రింద కొంతసేపు తలదాచుకొని, వేడి తేనీరు త్రాగి, మేము నలుగురము నయాపూలు మీదికి వచ్చితిమి. క్రింద మూసీ సన్నగా పాఱుచుండెను. మాలో నొకరు తమ గ్రామమున చెఱువు పెత్తనము చేయు పెద్దమనిషి. ఆయన తొంగిచూచి, “ఈ పిల్లకాలువయేనా పట్టణమును ముంచినది?” అని నవ్విరి.

నేను వారిని వంతెన దాటించి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని ముదుసలి చింతచెట్టు కడకు తీసికొనిపోతిని. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగినపుడు, నూటయేబదిమందికి పైగా ఈ చెట్టు కొమ్మలనెక్కి బ్రదికిరని చెప్పుదురు. ఆ వఱదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటికే అప్పగించి, తాను మాత్రము బయటపడెను.

ఇంత నీరు ఎక్కడిది? మూసీ అనంతగిరి కొండలలో పుట్టును. పట్టణమునకు పైనున్న పల్లెలలో ఆనాడు గొలుసుకట్టు చెఱువులు వందలకొలది యుండెను. శంషాబాదు ప్రాంతమున ఒక్క దినములోనే 12 అంగుళములకు మించి వాన కురిసెను. మీది చెఱువు తెగినచో దాని నీరంతయు ఒక్కమాఱుగా క్రింది చెఱువుపై బడును. దాని మత్తడి అంత నీటిని పోనీయజాలదు. అదియు తెగును. ఇట్లు ఒకదానివెంట నొకటి తెగి, నీరు గోడవలె పట్టణముపై వచ్చిపడెను. మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు విచారించి, ఆ పరీవాహమున 788 చెఱువులుండగా 221 తెగినవని తేల్చిరి. వారి సలహాపై మూసీకి అడ్డముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీ నదికి అడ్డముగా హిమాయత్‌సాగరు 1927లోను సిద్ధమైనవి.

అయినను కథ ముగియలేదు. 2020 అక్టోబరులో గుఱ్ఱం చెఱువు కట్ట తెగి, పాతబస్తీ దక్షిణపు పేటలలో ఇండ్లు మునిగినవి.

ఇది వినుచు మా పెద్దమనిషి చెట్టు మొదట చేయి ఆనించి చాలసేపు మాటాడలేదు. తుదకు, “నాలుగేండ్ల క్రిందట మా మత్తడిని రెండడుగులు పెంచితిమి. మఱికొంత పొలము పాఱునని ఆశ. మా క్రింద ఇంకను మూడూళ్ళ చెఱువులున్నవి” అనిరి. ఆయన మొగమున నవ్వు లేదు. ఊరు చేరిన మఱునాడే పదిమందిని పిలిపించి, పెంచిన కట్టడమును తీయించితినని నాకు కబురంపిరి.

అయ్యలారా! మత్తడి పెంచినచో నీటికిని కట్ట శిరస్సునకును నడుమ ఉండవలసిన ఎడము తగ్గును. నీరు కట్ట మీదుగా పొరలినచో మట్టికట్ట గడియసేపైనను నిలువదు. కావున వానలకు ముందే కట్టపై నడచి చూడుడు. ఎలుకబొఱియలను, చీమలపుట్టలను త్రవ్వించి మట్టితో గట్టిగా దిమ్మిస వేయింపుడు. తూము ఆడుచున్నదో లేదో పరీక్షింపుడు. మత్తడి కాలువకు అడ్డముగా పొలము గాని ఇల్లు గాని రానీయకుడు. మీ కట్ట గట్టిగా నున్నచో, మీరెన్నడును చూడని యూళ్ళలోని పిల్లలు కూడ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోవుదురు.