అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ లేదా ఓసీడీ ఒక మానసిక రుగ్మత. రోగి వద్దనుకున్నా ఒకే ఆలోచన మాటిమాటికీ మనసులోకి చొరబడుతుంది. దాని వలన కలిగే ఆందోళనను తగ్గించుకొనుటకు చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. పదేపదే చేతులు కడుగుకొనుట, గడియ వేసినదీ లేనిదీ పలుమార్లు చూచుకొనుట ఇందుకు ఉదాహరణలు. దీనిని చాదస్తమని కొట్టిపారవేయుట పొరపాటు.

మానసిక వివరణలు

ఇటువంటి ఆలోచనలు ఆరోగ్యవంతులకు కూడా వస్తాయని రాక్‌మన్, డిసిల్వాలు 1978లో చూపారు. భేదం ఆలోచనలో కాక, దానికి ఇచ్చుకొనే అర్థంలో ఉన్నదని సాల్కోవ్‌స్కిస్ 1985లో వివరించాడు. కీడు జరిగితే బాధ్యత తనదేనని భావించేవాడు ఆ ఆలోచనను విడువలేడు. ప్రవర్తనావాదుల ప్రకారం, చేతులు కడిగిన వెంటనే కలిగే ఉపశమనమే ఆ అలవాటును బలపరుస్తుంది.

చికిత్స

భయపడే వస్తువును రోగి చేత తాకించి, తరువాత చేతులు కడగకుండా ఉండేలా చేయు పద్ధతిని ఇద్దరు రోగులపై ప్రయోగించి, ఫలితాలను విక్టర్ మేయర్ 1966లో ప్రచురించాడు. కడగకపోయినా ఆందోళన క్రమంగా తగ్గుతుందని రోగి స్వయంగా గ్రహిస్తాడు. ఈ చికిత్సను శిక్షణ పొందిన నిపుణుల పర్యవేక్షణలో, మెట్టు మెట్టుగా చేస్తారు. సెరొటోనిన్‌పై పనిచేసే మందులు కూడా వాడతారు. ఓసీడీతో పాటు డిప్రెషన్ కూడా తరచుగా కనిపిస్తుంది, కనుక రెంటికీ చికిత్స అవసరం. "ఏమీ కాదులే" అని కుటుంబసభ్యులు మాటిమాటికీ ఇచ్చే భరోసా కూడా, చేతులు కడుగుటవలెనే, రుగ్మతను పెంచుతుంది.