రేషను బియ్యము, వ్రేలిముద్ర, న్యాయము

బీదల నోటి కందవలసిన గింజ దొంగల గిడ్డంగి చేరరాదనుటలో అభిప్రాయభేదమునకు తావు లేదు. లేని కుటుంబముల పేర కార్డులు పుట్టించి, చనిపోయినవారి పేర బియ్యము దింపుకొని బజారున అమ్ముకొనువాడు ప్రభుత్వమును మాత్రమే మోసగించుట లేదు. ప్రక్కవీధిలో పస్తున్న తల్లిని మోసగించుచున్నాడు. కావున సంక్షేమకార్యములలో మోసమును అరికట్టు శాసనములు కావలసినవే. అయితే అవి యెట్టివి కావలెను? దొంగకొఱకు పన్నిన వలనుండి దొంగ తప్పించుకొని నిర్దోషి చిక్కుకొనినచో ఆ వల యెవరికొఱకు? ఇది న్యాయవాదులకును పార్లమెంటు సభ్యులకును మాత్రమే సంబంధించిన చర్చ యని సోదరీమణులు తలంపరాదని మా మనవి.

ఏలయన, ఈ విషయము మొట్టమొదట తాకునది వంటయింటినే. 2013 సంవత్సరపు జాతీయ ఆహారభద్రతా చట్టము తన 13వ విభాగమున, కుటుంబములో పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దయగు నామెయే రేషనుకార్డు విషయమున ఇంటి యజమానురాలని శాసించినది. సామాన్య లబ్ధిదారుల ఇంట మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు ఈ చట్టము వలన సంక్రమించిన హక్కు. కార్డు ఆమె పేర నున్నది. దానిని కొట్టివేసినచో కచేరీల చుట్టు తిరుగవలసినది ఆమెయే. ఆ నెల తాను తినక పిల్లలకు పెట్టవలసినదియు నామెయే.

2016 మార్చిలో పార్లమెంటు ఆధార్ చట్టమును చేసినది. దాని 7వ విభాగము ననుసరించి, ప్రభుత్వనిధి నుండి సాయము పొందువారు తామెవరో ఆధార్ ద్వారా నిరూపించుకొనవలెనని ప్రభుత్వము కోరవచ్చును. చౌకధరల దుకాణములో వ్రేలిని యంత్రముపై నుంచగా, ఆ ముద్ర దూరమున దాచియుంచిన ముద్రతో సరిపోయినచో బియ్యము తూచుదురు. ఆధార్ సంఖ్య ఇంకను కేటాయింపబడనివారికి వేఱొక గుర్తింపుమార్గమును చూపవలెనని ఆ విభాగమే చెప్పుచున్నది. సంఖ్య యుండియు ముద్ర కలియనివారి మాట మాత్రము ఆ వాక్యమున లేదు. కలుపు తీసి, ఇటుకలు మోసి, ఏండ్లతరబడి అంట్లు తోమిన చేతులకు గీతలు అరిగిపోవుట మనమెఱిగినదే. గీతలు చక్కగా నున్నను ఆనాడు టవరు సంకేతము అందకపోవచ్చును. చట్టమును వ్రాయువారి చేతులు మెత్తనివి. దానికి లోబడువారి చేతులు గరుకువి. ఈ భేదమును శాసనకర్తలు మఱువరాదు.

ఈ చట్టము పుట్టిన తీరును గమనింపదగినది. దీనిని ద్రవ్యబిల్లుగా ప్రవేశపెట్టిరి. ద్రవ్యబిల్లు విషయమున రాజ్యసభ సూచనలు చేయవచ్చునే గాని అడ్డగింపజాలదు. 2016 మార్చి 16వ తేదీని రాజ్యసభ అయిదు సవరణలను సూచింపగా, లోకసభ ఆనాడే వానిని త్రోసిపుచ్చినది. కోట్లకొలది గృహములను తాకు శాసనముపై రెండవసభ పలికిన మాట ఒక్కరాత్రియైనను నిలువలేదు.

యంత్రమే చెడ్డదని మేము చెప్పుట లేదు. అవిభక్త ఆంధ్రప్రదేశములోని 157 మండలములందు, 1 కోటి 90 లక్షల జనాభా గల ప్రాంతమున, ఉపాధి హామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్ర కార్డుల మూలమున చెల్లించు పద్ధతిని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి 2016లో ఫలితములను ప్రకటించిరి. దారితప్పు సొమ్ము ఉపాధి కూలిలో నూటికి 41 వంతులు, పింఛనులలో 47 వంతులు తగ్గెనని వారు తేల్చిరి. తరువాత ఆ మువ్వురే ఝార్ఖండు రాష్ట్రమున రేషను దుకాణములలోని ఆధార్ పద్ధతిని పరిశీలించిరి. అచట ముద్ర వేయించుట వలన మాత్రమే దారితప్పు ధాన్యము తగ్గలేదు. పైగా అంతకుముందు ఆధార్ సంఖ్యను కార్డునకు జతపఱచుకొనని నూటికి 23 మందికి అందు సాయము నూటికి 10 వంతులు తగ్గిపోయెను. వారిలో కొందఱికి ఏమియు దక్కలేదు.

వ్రేలు ఒక్కటే, ఫలితము లింత వేఱగుట కేమి కారణము? ఆంధ్రదేశమున కార్డు లేనివారికి పాతపద్ధతిని చెల్లించుట మానలేదు. ఝార్ఖండులో ముద్ర లేనిదే బియ్యము లేదనుట నియమమయ్యెను. తలుపు ప్రక్కన చిన్న కిటికీ యొకటి తెఱచియుంచుట, ఉంచకుండుట యనునదే భేదము. ఆ కిటికీయే చట్టమున మనము కోరు రక్షణ.

మఱియు, మోసము లన్నియు ఒక్కజాతివి కావు. ఒకరి పేర మఱియొకరు దింపుకొనుట ఒక జాతి. దానిని వ్రేలిముద్ర అడ్డును. అయిదు కిలోలని వ్రాసి నాలుగు తూచుట మఱియొక జాతి. దానిని వ్రేలిముద్ర అడ్డజాలదు. ఆమె వ్రేలు సత్యమే పలికినది, అబద్ధమాడినది త్రాసు. త్రాసును చూడక వ్రేలినే శంకించు శాసనము సగము మాత్రమే కన్ను తెఱచినదని చెప్పవలెను.

ఇక గోప్యము మాట. తప్పు చేయనివారికి దాచుకొనుట కేమున్నదని కొందఱందురు. స్త్రీ దాచుకొను విషయములన్నియు తప్పులేనా యని మేము ప్రశ్నించుచున్నాము. కొట్టు భర్తను విడిచి, బిడ్డలతో వేఱొక యూర తలదాచుకొన్న యామె తన చిరునామాను దాచుకొనును. ప్రభుత్వసాయమున వ్యాధికి మందు పుచ్చుకొను నామె ఆ వ్యాధి పేరును దాచుకొనును. ఒంటరి యగు నామె తనకు పింఛను వచ్చు దినమును దాచుకొనును. ఒక కార్యాలయమున బియ్యముకొఱకు చెప్పిన సంగతి పది కార్యాలయములకు ప్రాకినచో ఆ ముగ్గురికిని ఎట్టి కీడు మూడునో ఊహింపవచ్చును.

2017 ఆగస్టు 24వ తేదీని సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు, విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, గోప్యము రాజ్యాంగమిచ్చిన ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ప్రభుత్వము అందులో జొరబడవలెనన్న అందుకొక చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమెంతో జోక్యమంతకు మించరాదు. చీమను చంపుటకు రోకలి ఎత్తరాదని దీని తాత్పర్యము.

మరుసటియేడు, 2018 సెప్టెంబరు 26వ తేదీని, అయిదుగురు న్యాయమూర్తులలో నలువురు ఆధార్ చట్టమును సంక్షేమకార్యముల మేరకు నిలిపిరి. బ్యాంకు ఖాతాలకును ఫోనులకును ఆధార్‌ను నిర్బంధము చేయుట చెల్లదనిరి; ముద్రలు సరిచూచిన జాబితాలను ఆఱు నెలలకు మించి ఉంచరాదనిరి. ముద్ర కలియనంత మాత్రమున అర్హుల కెవ్వరికిని సాయము నిరాకరింపబడదని ప్రభుత్వపక్షమున పలికిన మాటను తీర్పులో చేర్చిరి. అయిదవవారగు ధనంజయ చంద్రచూడ్ మాత్రము, ఇట్టి శాసనమును ద్రవ్యబిల్లుగా నడపుట రాజ్యాంగమునకే మోసమని వేఱు తీర్పు వ్రాసిరి. మోసమును మాన్పుటకు పుట్టిన శాసనమే ఇట్టి మాట పడుట ఆలోచింపదగిన విషయము.

వ్రేలిముద్ర ఒక యెత్తు. కంప్యూటరు అనుమానము మఱియొక యెత్తు. ముద్ర కలియకున్నచో దుకాణమునందే తెలియును. కంప్యూటరు జాబితాలను పోల్చి, ఈ యింట కారున్నదనియు, ఆ యింట ఉద్యోగి యున్నాడనియు తేల్చి కార్డు కొట్టివేసినచో, కారణమే తెలియదు. తెలంగాణములో సుమారు 19 లక్షల రేషనుకార్డులు ఇల్లు చూడకయే రద్దు చేయబడినవని వ్యాజ్యము నడువగా, 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు వానిని క్షేత్రమున మరల పరిశీలింప నాజ్ఞాపించినది. రద్దుకు ముందు జరుగవలసిన పరిశీలన యేండ్ల తరువాత కోర్టు ఆజ్ఞపై జరుగవలసి వచ్చెను.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన దోషము కాదు. ధనిక దేశమగు నెదర్లాండ్సులో, పిల్లల సంరక్షణకై ప్రభుత్వమిచ్చు భత్యము విషయమున పన్నుల శాఖ వేలకొలది తల్లిదండ్రులపై మోసపు నింద మోపినది. ఒక సంతకము లేదనియో, ఒక కాగితము తక్కువయ్యెననియో మొత్తము భత్యమును తిరిగి చెల్లించుమని తాఖీదులు పంపిరి. ఎవరిని శంకింపవలెనో యెంచు యంత్రపు లెక్కలో జాతీయతనుగూడ చేర్చిరి. అనేక గృహములు అప్పులలో మునిగెను, కాపురములు చెదరెను. 2020 డిసెంబరులో పార్లమెంటు విచారణసంఘము ఇది మునుపెన్నడు నెఱుగని అన్యాయమని నివేదించినది. 2021 జనవరి 15వ తేదీని మంత్రివర్గమంతయు రాజీనామా చేసినది. మంత్రులు దిగిపోయిరి, నింద పడిన తల్లులకు పోయిన యేండ్లు తిరిగి రాలేదు.

అట్లయిన మోసమును విడిచిపెట్టుదమా? అక్కరలేదు. దానిని పట్టు పద్ధతి యొకటి మన తెలుగునాటనే పెంపొందినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద, 2006 నుండి ఆంధ్రప్రదేశములో సామాజిక తనిఖీలు జరిగెను. శిక్షణ పొందిన గ్రామయువకులు మస్టరులు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, వ్రాసిన కూలియు అందిన కూలియు ఒక్కటియేనా యని అడిగిరి. తేలినదానిని మండలకేంద్రమున అందఱియెదుట చదివిరి. ఇందు వెలుగులోనికి వచ్చినది కూలిదాని సంసారము కాదు, కచేరీ లెక్క. ఆహారభద్రతా చట్టపు 28వ విభాగమును రేషను దుకాణములకు ఇట్టి తనిఖీనే విధించుచున్నది.

కావున మేము కోరునది ఒక్కటే: సాయము నిలుపుటకు ముందు విచారణ జరుగవలెనని చట్టమునందే వ్రాయవలెను. అధికారుల దయకును, సర్క్యులరులకును దానిని విడువరాదు. ఆధార్ లేదను కారణమున ఎవరి పేరును కొట్టివేయరాదని 2017 అక్టోబరు 24వ తేదీని కేంద్రప్రభుత్వమే ఆజ్ఞాపత్రము పంపినది; చట్టము చేసిన యేడాదిన్నరకు గాని ఆ మాట రాలేదు. యంత్రము అనుమానమును మాత్రమే తెలుపవలెను. తీర్మానము పేరును సంతకమును గల అధికారి చేయవలెను. కారణము ఆమె చదువగల భాషలో అందవలెను. బదులు చెప్పుకొనుటకు గడువుండవలెను. అంతవఱకు బియ్యము ఆగరాదు. అడిగిన వివరము అడిగిన పనికే ఉపయోగపడి, పని తీరినంతట చెరిపివేయబడవలెను.

గడువిచ్చినచో దొంగ పారిపోవునని కొందఱు వాదింతురు. అనర్హునకు రెండు నెలలు అధికముగా చేరిన పది కిలోలను తరువాత రాబట్టుకొనవచ్చును. అర్హురాలి బిడ్డ రెండు నెలలు పస్తున్నచో ఆ ఆకలిని ఏ ఖజానా తిరిగి చెల్లింపగలదు? రెండు పొరపాటులలో ఏది దిద్దరానిదో దాని పక్షముననే రక్షణ మొగ్గవలెను.

2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ప్రభుత్వము సాయమిచ్చుటకై మన వివరములను వాడుకొనుటకు అనుమతించుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితమైనవి. ఇట్టి శాసనములు ఇంకను వచ్చును. అవి వచ్చునపుడు సోదరీమణులు వార్తాపత్రికను వంటయింటి గట్టుపై మడిచి పెట్టక చదువవలెను. ఇరుగుపొరుగున నెవరి కార్డైన ఆగినచో కారణమును వ్రాతమూలమున అడుగుమని చెప్పవలెను. ఆహారభద్రతా చట్టము జిల్లాకొక ఫిర్యాదుల అధికారిని, రాష్ట్రమునకొక ఆహారసంఘమును ఏర్పఱచినది; హక్కైన ధాన్యము అందనిచో భత్యము కోరు అధికారమును ఇచ్చినది. చదువు రానివారి పక్షమున అర్జీ వ్రాసిపెట్టుట చదువుకొన్న స్త్రీకి భారము కాదు. దానమడుగుట కాదిది; చట్టము తన పేర వ్రాసిన గింజను యజమానురాలు అడుగుట.