ఎడారి నగరము – ఎవరి కాలువలు?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ అనే మహానగరం ఉంది. ఏడాదికి అక్కడ కురిసేది సుమారు 18 సెంటీమీటర్ల వర్షమే. 2023 వేసవిలో వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. అట్టి ఎడారిలో ఇంత పట్టణం ఎలా వెలసింది?

జవాబు అక్కడి మట్టిలోనే ఉంది. హోహోకమ్ అని చరిత్రకారులు పిలిచే ప్రజలు ఇనుప పనిముట్లు లేకుండానే సాల్ట్, గీలా నదుల నుండి వందల మైళ్ల కాలువలు త్రవ్వి మొక్కజొన్న, ప్రత్తి పండించారు. సుమారు 1450 నాటికి ఆ ఊళ్లు పాడుబడ్డాయి. తాము వారి సంతతి అని అకిమెల్ ఓఒధమ్, అనగా 'నది ప్రజలు' చెబుతారు. తెల్లవారు వీరిని పీమాలు అన్నారు.

1867లో జాక్ స్విల్లింగ్ అనే అతడు పూడిపోయిన పాత కాలువల జాడ చూచి, మళ్లీ నీరు పారించే పనికి పూనుకున్నాడు. అతని తోటివాడు డారెల్ డుప్పా బూడిదలో నుండి లేచే పక్షి పేరును ఊరికి పెట్టాడు. పేరు బాగానే ఉంది. కానీ పాత జనం బూడిద కాలేదు, దక్షిణాన గీలా ఒడ్డున గోధుమ పండిస్తూనే ఉన్నారు. కాలిఫోర్నియా బంగారం కోసం ఎడారి దాటిన బాటసారుల ఆకలి తీర్చినది వీరే.

1877లో మోర్మోనులు వచ్చారు, మరుసటి ఏడు తూర్పున మేసా పట్టణం మొదలైంది. వారూ పాత కాలువనే బాగుచేసుకున్నారు. మెక్సికన్లు కథోలికులు. అయితే సెయింట్ మేరీస్ ఆలయంలో వారి ఆరాధన క్రింది అంతస్తుకు పరిమితమైంది. 1928లో వారు తమకంటూ ఇమ్మాక్యులేట్ హార్ట్ ఆలయము కట్టుకున్నారు. నేడు ఈ ప్రాంతంలో కథోలికులు, ఎవాంజెలికల్ సంఘాలు, మోర్మోనులు అధికం. నగరానికి దక్షిణాన మారికోపాలో గణపతి ఆలయమూ ఉంది.

పీమాల మధ్యకు 1870లో చార్లెస్ కుక్ అనే జర్మనీ దేశస్థుడు వచ్చి బడి పెట్టాడు. ప్రెస్బిటేరియన్ సంఘము ఏర్పడుటకు ఎన్నో సంవత్సరాలు పట్టింది. అంతలో ఎగువన స్థిరపడిన రైతులు గీలా నీటిని మళ్లించుకున్నారు. ధాన్యం అమ్మిన ప్రజలు ఆకలితో అలమటించి, మెస్కీట్ చెట్లు నరికి వంటచెరకు అమ్ముకున్నారు. కుక్ బోధతో సరిపెట్టుకోక, వారి నీటి కొరకు అధికారులతో మొరపెట్టుకున్నాడు.

ఆ మొర విన్నది 2004లో. ఆ ఏటి చట్టం గీలా రివర్ ప్రజలకు ఏడాదికి 6,53,500 ఎకరా-అడుగుల నీటిపై హక్కు ఇచ్చింది. ఎకరం నేలపై అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు. అందులో దాదాపు సగం కొలరాడో నది నుండి, మరల కాలువలోనే వస్తున్నది.