ఆటపెట్టె అలిగితే...

వేలకు వేలు పోసి కొంటాం. టీవీ కింద ముద్దుగా పెట్టుకుంటాం. ఓ రోజు మీట నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది. ఇంకో రోజు 'అప్‌డేట్ చేస్తేనే ఆట' అని భీష్మించుకు కూర్చుంటుంది. వీడియో గేమ్ కన్సోల్ ఇంటికొచ్చాక మొదలయ్యే అసలు కథ ఇది!

పదేళ్ల కిందట కొన్న మిక్సీ ఇవాళ్టికీ అదే మిక్సీ. ఇస్త్రీపెట్టె అయినా అంతే. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి అందులో ఒక మీట తీసేసి, ఇంకో మీట పెట్టి వెళ్లరు. చెడిపోతే సందు చివరి మెకానిక్ విప్పి చూస్తాడు, కాలిపోయిన ముక్క మార్చి ఇస్తాడు. టీవీ కింద కూర్చునే ఆటపెట్టె మాత్రం అలాంటిది కాదు. అది ఇంట్లోనే ఉంటుంది, కరెంటు బిల్లు మనమే కడతాం. దాని బుర్ర మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ చేతిలో ఉంటుంది. అందుకే కొనడం ఒక ఎత్తు... దాన్ని కాపాడుకోవడం ఒక ఎత్తు!

ఉఫ్‌మని ఊదితే చాలా?

ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే మొట్టమొదటి కన్సోల్ 'మాగ్నవాక్స్ ఒడిస్సీ'. రాల్ఫ్ బేర్ అనే ఇంజినీరు ఆలోచనలోంచి పుట్టి 1972లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. దానికి రంగులు లేవు, శబ్దం లేదు. టెన్నిస్ కోర్టు కావాలంటే రంగు ప్లాస్టిక్ షీటును టీవీ తెరమీద అతికించుకోవాల్సిందే! అందులో సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు కాబట్టి అప్‌డేట్ అన్న బెడదా లేదు.

1983లో జపాన్‌లో నింటెండో 'ఫ్యామికామ్'ను తెచ్చింది. 1985లో అదే 'ఎన్ఈఎస్' పేరుతో అమెరికా చేరింది. దాని నకళ్లే తొంభైల్లో మన ఊళ్లలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోకి వరదలా వచ్చిపడ్డాయి. వేసవి సెలవులంటే మారియో, కాంట్రా. క్యాసెట్ మీద '999 ఆటలు' అని ఉండేది, లెక్కపెడితే తిప్పితిప్పి అవే పదో పాతికో! ఆట మొదలవకపోతే క్యాసెట్ బయటికి లాగి, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టడం ఆ తరం పిల్లలందరికీ తెలిసిన వైద్యం. విచిత్రమేంటంటే అమెరికా పిల్లలూ అచ్చం అదే చేశారు.

నిజానికి ఊదడంవల్ల బాగయ్యేది ఏమీ లేదు. ఎన్ఈఎస్ లోపల క్యాసెట్‌ను పట్టుకునేందుకు 72 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. వాడగా వాడగా ఆ పిన్నులు వదులవుతాయి, మురికి పడుతుంది. దానికితోడు దొంగ క్యాసెట్లను అడ్డుకోవడానికి పెట్టిన తాళం చిప్ ఒకటి. క్యాసెట్లో ఉన్న జోడీ చిప్‌తో దానికి సరిగ్గా మాట కలవకపోతే సెకనుకోసారి యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలెడుతుంది. లైటు మిణుకు మిణుకుమనేది అందుకే. తీసి పెట్టడంలో పిన్నులు ఈసారి సరిగ్గా ఆనితే ఆట వచ్చేది. ఆ పేరు మాత్రం ఊదుడుకు దక్కేది! నోటి తడికి లోహం తుప్పు పడుతుందనీ, ఊదవద్దనీ నింటెండోనే చెప్పింది. దూదిపుల్లకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే సరి.

బోర్లించి ఆడిన రోజులు

1994 డిసెంబరులో సోనీ 'ప్లేస్టేషన్' వచ్చింది. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది, దాంతోపాటు కొత్త రోగాలూ వచ్చాయి. తొలి మోడళ్లలో సీడీని చదివే లేజర్ కన్ను ప్లాస్టిక్ పట్టాల మీద జరుగుతుండేది. అవి అరిగి కన్ను కాస్త వాలిపోతే సీడీ చదవలేక ఆట ఆగిపోయేది. దానికి కుర్రాళ్లు కనిపెట్టిన చిట్కా... పెట్టెను తలకిందులుగా బోర్లించడం! వాలిన కన్ను మళ్లీ దారిలోకొచ్చి ఆట నడిచేది.

2000లో వచ్చిన ప్లేస్టేషన్-2 ప్రపంచవ్యాప్తంగా 16 కోట్లకు పైగా అమ్ముడై రికార్డు సృష్టించింది. మన హైదరాబాద్‌కూ ఆ పెట్టెతో చుట్టరికం ఉంది. 2009లో దానికోసం వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను తయారుచేసింది ఇక్కడి సంస్థే. లెన్స్ శుభ్రం చేస్తే, మరీ అయితే మారిస్తే, ప్లేస్టేషన్-2 మళ్లీ లేచి కూర్చునేది. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం తెలిసిన ఏ మెకానిక్ అయినా ఆ పని చేసేవాడు.

మూడు ఎర్రలైట్లు... వంద కోట్ల డాలర్లు!

2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ 'ఎక్స్‌బాక్స్ 360'ని విడుదల చేసింది. ముందువైపు మీట చుట్టూ నాలుగు ముక్కలుగా గుండ్రటి లైటు. అంతా బాగుంటే పచ్చగా వెలుగుతుంది. అందులో మూడు ముక్కలు ఎర్రగా మెరిశాయంటే యంత్రం లోపల చెడిందన్నమాట. లక్షల మంది ఇళ్లలో అదే జరిగింది. ఆన్ చేసినప్పుడు చిప్‌లు వేడెక్కుతాయి, ఆపగానే చల్లబడతాయి. వేడికి వ్యాకోచం, చల్లదనానికి సంకోచం... రోజూ ఇదే తంతు. ఆ లాగుడు పీకుడుకు చిప్‌లోని సన్నటి అతుకులు తెగిపోయేవి.

కొందరు పెట్టెకు తువ్వాళ్లు చుట్టి మరింత వేడెక్కించారు. కాసేపు పనిచేసి మళ్లీ మొరాయించేది. నిప్పుతో చెలగాటమే తప్ప అది వైద్యం కాదు. చివరికి 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది. అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. 2021లో అదే కంపెనీ ఆ ఎర్రలైట్ల బొమ్మతో పోస్టరు ముద్రించి అమ్మడం కొసమెరుపు!

లేని ఫిబ్రవరి 29

యంత్రం బాగానే ఉన్నా సాఫ్ట్‌వేర్ తప్పటడుగు వేస్తే? 2010 మార్చి 1న అదే జరిగింది. ప్రపంచమంతటా పాత మోడల్ ప్లేస్టేషన్-3లు ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు ప్రవర్తించాయి. తేదీ వెనక్కి వెళ్లిపోయింది, నెట్ అందలేదు, కొన్ని ఆటలైతే మొదలే కాలేదు. కారణం తెలిసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. లోపలి గడియారం 2010ని లీపు సంవత్సరం అనుకుంది! ఫిబ్రవరి 28 తర్వాత లేని 29 కోసం వెతుక్కుని తికమకపడింది. గడియారం మర్నాటిలోకి అడుగుపెట్టగానే అన్నీ వాటంతటవే కుదురుకున్నాయి.

సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 1న ఇంకో షాక్. తొలి ప్లేస్టేషన్-3లలో లినక్స్ లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలుండేది. అంటే ఆటపెట్టెను కంప్యూటర్‌గానూ వాడుకోవచ్చు. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల అయితే 1,700కు పైగా ప్లేస్టేషన్లను కలిపి ఏకంగా సూపర్ కంప్యూటరే కట్టింది. భద్రతా కారణాలు చెప్పి సోనీ 3.21 అప్‌డేట్‌తో ఆ సదుపాయాన్ని తీసేసింది. 'అప్‌డేట్ వద్దు' అనుకుంటే మానేయొచ్చు... కానీ అప్పుడు ఆన్‌లైన్ ఆటలుండవు, కొత్త ఆటలు కొన్ని నడవవు. డబ్బిచ్చి కొన్న రెండు సదుపాయాల్లో ఏదో ఒకటి వదులుకోవాలన్నమాట! వినియోగదారులు కోర్టుకెక్కారు, ఏళ్ల తర్వాత రాజీతో ఆ కేసు ముగిసింది.

అన్ని అప్‌డేట్లూ తీసుకునేవే అనుకుంటే పొరపాటు. ప్లేస్టేషన్-4 లోపల గడియారం కోసం రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయి, కన్సోల్ కంపెనీ సర్వర్‌ను అందుకోలేకపోతే ఆటలే నడవవని అభిమానులు పరీక్షించి చూపించారు. అంటే సర్వర్లు మూతపడిన రోజున లక్షల పెట్టెలు ఒట్టి డబ్బాలైపోయేవి. 2021లో వచ్చిన 9.00 అప్‌డేట్ ఆ ముడిని చడీచప్పుడు లేకుండా విప్పింది.

విప్పితే తప్పా?

డిస్క్ డ్రైవ్ పాడైతే? పాత సామానులోంచి ఇంకోటి తెచ్చి బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. కుదరదు! ఎక్స్‌బాక్స్ 360 నుంచీ డ్రైవ్‌కూ మదర్‌బోర్డుకూ రహస్య తాళంచెవితో జోడీ కుదిర్చి పంపుతున్నారు. జోడీ మారితే డ్రైవ్ ఆట డిస్కును నడపదు. 2023లో వచ్చిన సన్న ప్లేస్టేషన్-5కు డ్రైవ్‌ను విడిగా తగిలించుకోవచ్చు, దానికీ మొదటిసారి నెట్ ద్వారా అనుమతి కావాలి. ఇదంతా దొంగ ఆటల్ని ఆపడానికేనన్నది కంపెనీల వాదన. 2021 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కన్సోల్ డిస్క్ డ్రైవ్‌ను బాగుచేసుకునేందుకు తాళం తెరిస్తే తప్పు కాదంది. అదే అమెరికాలో 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన కాలిఫోర్నియా 'రిపేరు హక్కు' చట్టం మాత్రం ఫోన్లకూ ఫ్రిజ్‌లకూ వర్తిస్తుంది, ఆటపెట్టెలకు వర్తించదు!

మనదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది చివర్లో పోర్టల్ కూడా ప్రారంభించింది. వినియోగదారులు గట్టిగా అడిగితే ఫలితం ఉంటుందనడానికి నింటెండో 'స్విచ్' ఉదాహరణ. వేలు తీసినా బొమ్మ దానంతటదే పక్కకు జరిగే జబ్బు దాని కంట్రోలర్లకు పట్టుకుంది. విమర్శలు, కేసులు వెల్లువెత్తాక 2020లో కంపెనీ అధ్యక్షుడు క్షమాపణ చెప్పారు. 2023 నుంచి ఐరోపాలో వారంటీ దాటినా ఉచితంగా బాగుచేస్తామని సంస్థ ప్రకటించింది.

దుకాణమే మూసేస్తే!

డిస్కు లేకుండా నెట్‌లోంచి దించుకున్న ఆటల సంగతి మరీ సున్నితం. నింటెండో 'వీ' ఆన్‌లైన్ దుకాణం 2019 జనవరిలో మూతపడింది. 'వీ యు', '3డీఎస్' దుకాణాలు 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో అదే దారి పట్టాయి. డిస్కు రూపంలో రాని ఆటల్ని ఇక అక్కడ కొత్తగా కొనే దారే లేదు. పాత డిస్కును తమ్ముడికివ్వొచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దించుకున్న ఆటకు ఆ వీలూ ఉండదు. ఎందుకంటే మనం కొనేది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని! ఈ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమల్లోకొచ్చింది.

ఇంట్లో ఇలా చేస్తే...

ప్లేస్టేషన్-5 మనదేశంలోకి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు. అంత పెట్టి కొన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలిగా మరి!

ఊపిరాడనివ్వాలి: అద్దాల తలుపులున్న టీవీ స్టాండులో పెట్టి మూసేస్తే వేడి బయటికి పోదు. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. పైన లేసు గుడ్డ కప్పడం అందంగానే ఉంటుంది... ఆడేటప్పుడు మాత్రం తీసేయాలి. ఫ్యాను మునుపటికంటే ఎక్కువ మోత పెడుతోందంటే లోపల దుమ్ము పేరుకుందని అర్థం.

బొద్దింకలొస్తాయి: చీకటి, వెచ్చదనం... వాటికి అంతకంటే ఏం కావాలి! విప్పిన కన్సోళ్లలో బొద్దింకల కాపురాలు కనిపించడం రిపేరు దుకాణాల వాళ్లకు మామూలే. గోడకు కాస్త ఎడంగా, నేలకు ఎత్తుగా పెట్టడం మేలు.

అమెరికా పెట్టె అయితే: అక్కడి చుట్టాలు ప్రేమగా తెచ్చిన పాత ప్లేస్టేషన్-2, ఎక్స్‌బాక్స్ 360లను నేరుగా మన ప్లగ్గులో పెట్టొద్దు. అవి అక్కడి 120 వోల్టుల కోసం చేసినవి. మన 230 వోల్టులు తగిలితే క్షణంలో కాలిపోతాయి. అడాప్టర్ మీద '100-240 వోల్టులు' అని ఉంటేనే ధైర్యం.

అప్‌డేట్ మధ్యలో ఆపొద్దు: కరెంటు పోయే వేళల్లో అప్‌డేట్ పెట్టొద్దు. యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది. మధ్యలో ఆగిపోయి పెట్టె లేవకపోతే వెంటనే దుకాణానికి పరుగెత్తక్కర్లేదు. ప్లేస్టేషన్-4లో పవర్ మీటను రెండోసారి బీప్ వినిపించేదాకా, అంటే ఏడు సెకన్ల పాటు నొక్కిపడితే 'సేఫ్ మోడ్' వస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోంచి సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించి మళ్లీ వేసుకోవచ్చు.

పుట్టినరోజుకు ముందే: కొత్త పెట్టె తెరవగానే గంటల తరబడి అప్‌డేట్లు దిగుతుంటాయి. పిల్లల చేతికి ఇవ్వబోయేముందు రోజే తగిలించి ఆ పని కానిచ్చేస్తే, కేకు కోసే వేళకు ఏడుపు ముఖాలుండవు! పేరెంటల్ కంట్రోల్ పిన్ నంబరూ అప్పుడే పెట్టేయొచ్చు.

రిపేరుకు ఇచ్చేముందు: కష్టపడి దాటిన లెవెళ్ల వివరాలను పెన్‌డ్రైవ్‌లోకో ఆన్‌లైన్ ఖాతాలోకో కాపీ చేసుకోవాలి. సర్వీస్ సెంటర్ నుంచి ఒక్కోసారి వేరే పెట్టె తిరిగొస్తుంది. ఖాతాలో దాచిన కార్డు వివరాలు తొలగించాలి. ప్లేస్టేషన్-5ను మాత్రం తెలియని చేతికివ్వొద్దు. దాని చిప్ మీద చల్లదనం కోసం ద్రవలోహం పూసి ఉంటుంది, ఒలికితే బోర్డే పోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే: అమ్మేవాళ్ల ఎదుటే ఒక డిస్కు వేసి, నెట్‌కు కలిపి, అరగంట ఆడి చూడాలి. నియమాలు మీరిన పెట్టెలను కంపెనీలు ఆన్‌లైన్ నుంచి శాశ్వతంగా నిషేధిస్తాయి. చూడ్డానికి అది కొత్తదానిలాగే ఉంటుంది, కలిపి చూస్తేగానీ తెలియదు.

ఏ బొమ్మ బాగుంది, ఏ ఆట కొత్తది అన్నది పిల్లలు చెబుతారు. వారంటీ ఎన్నేళ్లు, దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా, నెట్ లేకపోతే ఆట నడుస్తుందా... ఈ మూడూ అడగాల్సింది మాత్రం పెద్దవాళ్లే. దుకాణంలో డబ్బు కట్టేముందే అడిగితే ఇంకా మంచిది!