దొరికిన హంతకులు, దొరకని కారణం

కెనిచి తకాబె టోక్యో పోలీసు శాఖలో డిటెక్టివ్. జపాన్ దర్శకుడు కియోషి కురొసావా 1997లో తీసిన ‘క్యూర్’ సినిమా కథంతా ఇతని చుట్టూ తిరుగుతుంది. కొద్ది వారాలుగా ఇతని ముందుకు ఒకే తీరు హత్యలు వచ్చి పడుతుంటాయి. చనిపోయిన ప్రతి మనిషికీ గొంతు దగ్గర నుంచి ఛాతీ దాకా ఇంటూ మార్కులా రెండు కోతలు. ఇంతవరకు వింటే ఎవడో ఒక సైకో ఊరి మీద పడ్డాడని, వాణ్ణి పట్టుకోవడమే మిగిలిందని అనిపిస్తుంది. చిక్కంతా ఏమిటంటే ప్రతి కేసులోనూ హంతకుడు అప్పటికే దొరికి ఉంటాడు. మొదటి హత్యలో నిందితుడు ఎక్కడికీ పారిపోడు. హోటల్ కారిడార్ గోడలోని ఇరుకు సందులో, ఒంటి మీద నూలుపోగు లేకుండా ముడుచుకుని కూర్చుని ఉంటాడు. చంపింది తానేనని ఒప్పుకుంటాడు. ఎందుకని అడిగితే మాత్రం, ఆ సమయంలో అదే సహజంగా తోచిందన్నట్టు మాట్లాడతాడు. తర్వాతి వాళ్లూ అంతే. ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు, పాత నేరాలేవీ లేనివాళ్లు, కోసిన గుర్తు మాత్రం ఒక్కటే.

హారర్ సినిమాల్లో వరుస హత్యలను ఛేదించే పోలీసుకు అప్పటికే ఒక అచ్చు తయారై ఉంది. 1991లో వచ్చిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’, 1995 నాటి ‘సెవెన్’ ఆ అచ్చును ప్రపంచమంతా పాకించాయి. హంతకుడు తెలివైనవాడు, తన చేత గురించి గర్వపడేవాడు. పోలీసు ఆధారాల ముక్కలు ఏరి అతని బుర్రలోకి తొంగి చూస్తాడు. కురొసావా ఈ అచ్చును తీసుకుని మధ్యలో ఉండవలసిన మనిషిని తప్పించేశాడు. ఆయనకు ఈ ఆలోచన టీవీ వార్తలు చూస్తుండగా వచ్చింది. హత్య చేసినవాడి ఇరుగుపొరుగు మైకు ముందు నిలబడి, అతను చాలా మామూలు మనిషని, అలాంటి పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదని చెబుతుంటారు. ఆ మాట మన టీవీల్లోనూ వినబడేదే. విన్నవాళ్లందరూ దాన్ని మొహమాటపు మాటగా కొట్టిపారేస్తారు. అది అక్షరాలా నిజమైతే ఏమిటన్నది కురొసావాకు వచ్చిన సందేహం.

తకాబె వెతకవలసింది హంతకుణ్ణి కాదు, హంతకులందరూ అంతకు ముందు కలిసిన మనిషిని. అతని పేరు మమియా. మసాతో హగివారా వేసిన ఈ పాత్ర తొలిసారి సముద్రపు ఒడ్డున కనిపిస్తుంది. తానెవరో, అది ఏ చోటో, ఏ రోజో తెలియదంటాడు. చెప్పిన జవాబును మరుక్షణమే మరిచిపోయి మళ్లీ అదే అడుగుతాడు. జాలిపడిన ఒక స్కూలు టీచరు ఇంటికి తీసుకెళ్తాడు. భార్యను చంపి మేడ మీది కిటికీలోంచి దూకేది ఆ టీచరే. ఆ తర్వాత మమియా చేరినచోటల్లా, అంటే పోలీసు ఔట్‌పోస్టులో, ఆసుపత్రిలో, అదే వరస. అతను ఎవరినీ చంపమని చెప్పడు. అడిగేది ఒక్కటే: నువ్వెవరు? ఎదుటివాడు తాను కానిస్టేబులుననో, డాక్టరుననో చెబుతాడు. అది నీ ఉద్యోగం, నువ్వెవరని మళ్లీ అడుగుతాడు. ఆ రెండోసారికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఆసుపత్రి దృశ్యం దగ్గర ఆగి చూడాలి. పరీక్ష గదిలో ఒక డాక్టరమ్మ మమియా ఎదుట కూర్చుని ఉంటుంది. గ్లాసు ఒలికి నీళ్లు నేల మీద మెల్లగా పాకుతుంటాయి, ఆమె చూపు వాటి మీద పడుతుంది. మమియా గొంతు పెంచడు. ఆమె సర్జన్ కావాలనుకున్న రోజులు, ఆడదానివన్న చులకనను మింగుకున్న రోజులు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటాడు. కాసేపటికి ఆ గదిలో ఎవరి గొంతు ఎవరిదో తెలియనంత నిశ్శబ్దం. తర్వాత ఆమె మగవాళ్ల పబ్లిక్ టాయిలెట్‌లో ముక్కూమొహం తెలియని మనిషిని చంపుతుంది. చావు కన్నా భయపెట్టేది ఆ నీళ్లు. మమియా పనిముట్లు రెండే: ఒలికిన నీళ్లు, సిగరెట్ లైటరు మంట. ఏ ఇంట్లోనైనా ఉండేవి.

హత్యలను చూపే పద్ధతీ అలాంటిదే. ఔట్‌పోస్టు కానిస్టేబులు తన తోటివాణ్ణి వెనక నుంచి తలలోకి కాల్చే దృశ్యంలో కెమెరా దూరంగా నిలబడి ఉంటుంది. ముందస్తుగా గుండె దడదడలాడించే సంగీతం లేదు, మొహం దగ్గరి షాటు లేదు. అతను పనిలో పనిగా కాల్చి, శవాన్ని లోపలికి ఈడ్చుకుపోతాడు. చూసేవాడు ఉలిక్కిపడడానికి కూడా కాస్త ఆలస్యమవుతుంది. హత్యను రోజువారీ పనుల్లో ఒకటిగా చూపడం ఈ సినిమా కనిపెట్టిన భయం. తర్వాత అనుకరించినవాళ్లలో చాలామందికి ఇది పట్టుబడలేదు, సంగీతం వద్దనుకునే ధైర్యం అందరికీ ఉండదు మరి.

కూపీ లాగిన కొద్దీ తకాబెకు మమియా గతం దొరుకుతుంది. ఒకప్పుడు అతను చదువుకున్నవాడు, మెస్మరిజం మీద పిచ్చిగా పరిశోధన చేసినవాడు. ఇక్కడ సినిమా చరిత్రను ఆసరా చేసుకుంటుంది. ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ (1734–1815) వియన్నాలో పేరు తెచ్చుకుని 1778లో పారిస్ చేరిన వైద్యుడు. మనుషుల ఒంట్లో అయస్కాంతం లాంటి ద్రవం ప్రవహిస్తుందని, చేతి కదలికలతో దాన్ని సరిచేసి రోగాలు కుదర్చవచ్చని ఆయన వాదం. 1784లో ఫ్రెంచి రాజు వేసిన సంఘం దాన్ని పరీక్షించింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోజియె అందులో సభ్యులు. అలాంటి ద్రవమేదీ లేదని, రోగి ఊహ వల్లే ఫలితం కనిపిస్తోందని సంఘం తేల్చింది. 1840లలో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు దానికి హిప్నాటిజం అనే పేరు స్థిరపరిచాక అది మళ్లీ గౌరవం సంపాదించుకుంది. వశీకరణకు లొంగినవాడు కూడా తన నీతికి విరుద్ధమైన పని చేయడని ఒక నమ్మకం ఉంది. తకాబె మిత్రుడు, మానసిక వైద్యుడు సకుమా ఈ మాటే అంటాడు. ఆ మాటను నిజమనుకుంటే అసలు భయం అక్కడే మొదలవుతుంది. అంటే ఈ టీచరు, ఈ కానిస్టేబులు, ఈ డాక్టరమ్మ తమకు ఇష్టం లేని పనేదీ చేయలేదన్నమాట. మమియా వాళ్లలోకి ఏమీ ఎక్కించలేదు, ఉన్న మూత తీశాడంతే. సినిమా పేరుకు ‘చికిత్స’ అనే అర్థం ఇక్కడ అతుకుతుంది.

తకాబె మూత అతని ఇల్లు. భార్య ఫుమియె (అన్నా నకగావా) మానసిక వ్యాధితో బాధపడుతుంటుంది. సినిమా మొదలయ్యేదే ఆమెతో. పెళ్లాలను చంపే బ్లూబియర్డ్ కథను ఆసుపత్రిలో చదివి వినిపిస్తుంటుంది. ఇంట్లో బట్టల మెషీన్ ఒకటుంది. ఫుమియె దాన్ని ఆన్ చేస్తుంది, లోపల ఒక్క బట్ట కూడా ఉండదు. తకాబె డ్యూటీ నుంచి వచ్చి, ఖాళీగా గరగర తిరుగుతున్న మెషీన్‌ను ఆపి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంటాడు. మళ్లీ మోత మొదలవుతుంది, మళ్లీ ఆపుతాడు. భార్య మీద ఒక్కసారీ గొంతు లేపడు. ఓపికమంతుడైన భర్త అనుకుంటాం. ఒక రాత్రి ఆమె పళ్లెంలో పచ్చి మాంసం పెట్టి భోజనమంటుంది. ఆ రాత్రి అతని చేతిలోకి వంటింటి కత్తి వస్తుంది. ఏమీ జరగదు, మర్నాడు ఆమెను ఆసుపత్రిలో చేర్చడానికి తీసుకెళ్తాడు. ఇంటూ మార్కు శవాలన్నిటికన్నా ఆ పళ్లెం ఎక్కువ కాలం గుర్తుంటుంది.

తకాబె పాత్ర వేసిన కోజి యకుషో నటుడు కాక ముందు టోక్యోలోని ఒక వార్డు ఆఫీసులో గుమాస్తా. ‘యకుషో’ అన్న తెరపేరుకు అర్థం కూడా ప్రభుత్వ కార్యాలయమనే. జపాన్ ప్రేక్షకులకు అప్పటికి ఆయన ‘షల్ వి డాన్స్’ (1996) సినిమాలోని మెత్తని ఉద్యోగిగా బాగా దగ్గరివాడు. ఆ మెత్తదనాన్నే కురొసావా వాడుకున్నాడు. తకాబె అలసట ఆఫీసు నుంచి ఇంటికి ఆఖరి రైలులో వెళ్లే ఎవరి అలసటో అన్నట్టుంటుంది. 1997 టోక్యో చలనచిత్రోత్సవంలో ఈ పాత్రకు యకుషో ఉత్తమ నటుడిగా ఎంపికయ్యాడు.

మమియా దొరికిపోతాడు. పట్టుకోవడం ఎంత తేలికో, విచారణ అంత కష్టం. చీకటి గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ప్రశ్నలు అడిగేది పోలీసు కాదు. డిటెక్టివ్, భర్త, వీళ్లిద్దరిలో అసలు నువ్వెవరని మమియా అడుగుతాడు. తకాబె అరుస్తాడు. సినిమాలో తొలిసారి నోరు విప్పి, భార్య తనకు భారమని, పిచ్చివాళ్లు హాయిగా ఉంటే తనలాంటివాళ్లు నలిగిపోతున్నారని చెప్పేస్తాడు. పోలీసు నేరస్తుడి చేత నిజం కక్కించే దృశ్యాలు వందల సినిమాల్లో ఉన్నాయి. ఇక్కడ కక్కినవాడు పోలీసు. పైగా ఆ తర్వాత అతని మొహంలో కాస్త తేరుకున్న కళ కనిపిస్తుంది, అది ఇంకా కలవరపెడుతుంది.

చివరి భాగాన్ని ముందే చెప్పినా సినిమాకు వచ్చే నష్టం తక్కువ, ఎందుకంటే అందులో ఏం జరిగిందన్నది చూసినవాళ్లు కూడా ఒక్క మాటగా చెప్పరు. మమియా కాపలావాణ్ణి చంపి తప్పించుకుంటాడు. సకుమా శవమై దొరుకుతాడు. పాడుబడిన భవనంలో తకాబె మమియాను తుపాకీతో కాల్చేసి, అక్కడి పాత ఫోనోగ్రాఫులో వినిపించే అరిగిపోయిన గొంతును వింటాడు. తర్వాత ఫుమియె శవం ఒక్క క్షణం కనిపిస్తుంది, మీద అదే ఇంటూ మార్కు. ఆపైన రెస్టారెంటు. అంతకు ముందు ఒకసారి తకాబె ఇక్కడే కూర్చుని ప్లేటును ముట్టకుండా వదిలేశాడు. ఈసారి ప్లేటు ఖాళీ. కాఫీ తెప్పించుకుని సిగరెట్ వెలిగిస్తాడు, నిండుగా తిన్న మనిషిలా కూర్చుంటాడు. అతనికి వడ్డించిన అమ్మాయి వెనక్కి వెళ్తుంది, చేతిలోకి కత్తి తీసుకుని నడుస్తుంది, సినిమా అక్కడే తెగిపోతుంది. మమియా పని ఇప్పుడు తకాబె చేతికి వచ్చిందన్నది ఎక్కువమంది అర్థం చేసుకునే తీరు. ఖాళీ ప్లేటు ఆ వాదానికే బలమిస్తుంది.

ఈ కథకు మొదట అనుకున్న పేరు మత ప్రచారకుడు అనే అర్థం వచ్చేది. సినిమాలో సకుమా కూడా మమియాను ప్రచారకుడితో పోలుస్తాడు. 1995 మార్చి 20న ఓమ్ షిన్‌రిక్యో అనే మతశాఖ టోక్యో భూగర్భ రైళ్లలో సరీన్ విషవాయువు వదిలి ఎన్నో రోజులు కాలేదు. అలాంటి సమయంలో ఆ పేరు వద్దనుకుని ‘క్యూర్’ అని మార్చారు. చదువుకున్న మామూలు మనుషులే గురువు మాట మీద చంపడానికి సిద్ధపడ్డారన్న కలవరం ఆనాటి జపాన్‌లో ఉంది, పేరు మార్చినంత మాత్రాన అది కథలోంచి పోలేదు.

మరుసటి ఏడాది హిదెయో నకాటా ‘రింగ్’ వచ్చి జపాన్ హారర్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. ‘క్యూర్’ పేరు నెమ్మదిగా పాకింది, అమెరికా థియేటర్లకు 2001లో గాని చేరలేదు. ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ (2003) తీసిన కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రికకు ఇచ్చిన తన పది సినిమాల జాబితాలో దీన్ని చేర్చాడు. కురొసావా, యకుషో ఇద్దరూ 2006లో ‘రెట్రిబ్యూషన్’ కోసం మళ్లీ ఒక డిటెక్టివ్‌ను తయారు చేశారు. ఆ సినిమాలో శవాలన్నీ ఉప్పునీళ్లలో ముంచి చంపినవి. మొదటి శవం దగ్గర దొరికిన కోటు గుండీ డిటెక్టివ్ సొంత కోటుదిలా ఉంటుంది.