నీలిచుక్కల చేప గుమ్మంలో నేను

2006లో స్టీవ్ ఇర్విన్ చనిపోయినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. టీవీలో మొసళ్లతో కుస్తీ పట్టే మనిషిని ఒక చేప ముల్లు చంపేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. అది మన మత్స్యకారులు టేకు చేప అనే జాతి. ఆ రోజు పట్టుకున్న భయం ఇంజనీరింగ్ పూర్తయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినా వదల్లేదు.

అలాంటిది పోయినేడాది అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హేవ్‌లాక్) స్నార్కెలింగ్‌కి దిగితే, పగడపు బండ కింద అదే కనిపించింది! పళ్లెంలాంటి పసుపు గోధుమ రంగు ఒళ్లు. దాని నిండా మెరిసే నీలి చుక్కలు. తోక పొడవునా నీలి చారలు. భయం ఎటు పోయిందో, వీడియో తీద్దామని కెమెరా బండ కిందికి పెట్టేశాను. వెనక నుంచి గైడు నా కాలు పట్టుకుని లాగేశాడు.

పైకి తేలాక తెలుగులోనే తిట్టాడు. పోర్ట్ బ్లెయిర్ కుర్రాడు, వాళ్ల తాతది శ్రీకాకుళం వైపట. "అన్నా, ఇప్పుడు నీళ్లు తీస్తున్నాయి. అది ఇంటికొచ్చి పడుకుంది. గుమ్మానికి అడ్డంగా నువ్వుంటే అది ఎటు పోద్ది? కొట్టేద్ది."

ఆ మాట పట్టుకుని రాత్రంతా చదివాను. దీని శాస్త్రీయ నామం టేనియురా లిమ్మా. ఎర్ర సముద్రంలో దీన్ని చూసిన పీటర్ ఫోర్స్‌కాల్ వర్ణన, ఆయన చనిపోయాక 1775లో అచ్చయింది. ఒంటి వెడల్పు అడుగుకి కాస్త ఎక్కువ. సొరచేపల చుట్టమే కాబట్టి ఒంట్లో ఎముకలుండవు, అంతా మృదులాస్థే.

దీని దినచర్య అంతా ఆటుపోట్ల మీదే నడుస్తుంది. పోటు వచ్చినప్పుడు గుంపుగా లోతు తక్కువ ఇసుక మేటల మీదికి మేతకెళ్తుంది. ఆటు మొదలవగానే విడిపోయి, తలా ఒక పగడపు బండ కింద దూరతాయి. నోరేమో ఒంటి కిందుంటుంది, కళ్లేమో పైన! మరి తిండి ఎలా దొరుకుతుంది? ఇసుకలో దాగిన పీతలు, రొయ్యలు, పురుగుల ఒంట్లోంచి వచ్చే అతి చిన్న విద్యుత్తుని పసిగడుతుంది. ఇసుక తవ్వుతుంటే బయటపడే వాటి కోసం చిన్న చేపలు దీని వెంటే తిరుగుతాయి.

ఇది గుడ్లు పెట్టదు. కడుపులో పిల్లలు ముందు పచ్చసొనతో, తర్వాత గర్భాశయంలో ఊరే పాలలాంటి ద్రవంతో పెరుగుతాయి. ఒక కాన్పులో 7 వరకూ. పుట్టేటప్పటికే నీలి చుక్కలుంటాయి.

తోక చివరి వైపు ఒకటో రెండో విషపు ముళ్లుంటాయి. వేటకు కాదు, ప్రాణరక్షణకే. ఆ నీలం రంగు కూడా "దగ్గరకి రావద్దు" అనే హెచ్చరికేనంటారు. మనమేమో ఆ రంగు చూసే దగ్గరకెళ్తాం. అక్వేరియంల కోసం పట్టుకుపోతే చాలావరకు తిండి మానేసి చచ్చిపోతాయి. దాని ఇల్లయిన పగడాలకూ గండమే. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడిపోయాయి. మిగిలినవాటిని మన కాళ్లు విరగ్గొట్టకుండా ఉంటే చాలు.

సరదాగా వెళ్లేవాళ్లు ఇవి గుర్తుంచుకోండి. పగడాల మీద నడవొద్దు. ఇసుకలో అడుగులెత్తి వేయకుండా కాళ్లు ఈడుస్తూ నడవండి, ఆ కదలికకి అదే తప్పుకుంటుంది. ఒకవేళ కాలికి ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో (45 డిగ్రీలు మించకుండా) కాలు పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలోనో పొట్టలోనో దిగితే మాత్రం ముల్లు లాగొద్దు.

మర్నాడు పోటు వేళకి మళ్లీ దిగాను. ఇసుక మీద మూడు టేకు చేపలు మేస్తున్నాయి. ఈసారి కెమెరా ఒడ్డునే వదిలేసి, చేతులు కట్టుకుని చూశాను. వాటిలో ఒకటి నా కింద నుంచే తాపీగా వెళ్లిపోయింది.