సాఫ్ట్‌వేర్ రచనలో నిలకడైన వేగం

సాఫ్ట్‌వేర్ రచన ఒళ్లలవని పని అనే భావన లోకంలో ఉన్నది. మేధస్సుకు కలిగే అలసట కంటికి కనిపించదు. అది ప్రోగ్రాములో దోషమై దాగి, కొన్ని వారాల తరువాత బయటపడుతుంది. ఆ దోషాన్ని వెదకి సరిదిద్దడానికి పట్టే కాలం, రాత్రి మేల్కొని మిగుల్చుకొన్న కాలాన్ని తరచు మించిపోతుంది.

ఈ సత్యాన్ని గ్రహించియే కెంట్ బెక్ 1990లలో రూపొందించిన 'ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్' విధానంలో వారానికి 40 గంటల పని ఒక నియమంగా చేర్చబడింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో సమావేశమైన 17 మంది నిపుణులు 'ఎజైల్' ప్రకటన వెలువరించారు. దానికి అనుబంధమైన 12 సూత్రాలలో, ఎంతకాలమైనా నిలుపుకోగల వేగంతోనే పని సాగాలన్నది ఒకటి.

ఈ పద్ధతిలో పనిని సాధారణంగా రెండేసి వారాల విడతలుగా విభజిస్తారు. ప్రతి అంశానికీ దాని కష్టాన్ని బట్టి పాయింట్లు కేటాయిస్తారు. గత విడతలలో నిజంగా పూర్తయిన పాయింట్ల సగటే జట్టు వేగం. రాబోయే విడతకు అంతే పని స్వీకరించాలి. నిద్ర మాని 40కి బదులు 50 పూర్తి చేస్తే, ఆ 50 సగటులో చేరి మరుసటి విడత కొలమానాన్ని పెంచుతుంది.

కువైట్‌లో ఈ లెక్కకు రెండు చిక్కులున్నాయి. మొదటిది రంజాన్ మాసం. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రైవేటు రంగంలో వారానికి 48 గంటలను, రంజాన్‌లో 36 గంటలను పరిమితిగా విధించింది. అనగా నాలుగింట మూడు వంతులు. 48 గంటల వారంలో సాగే 40 పాయింట్ల జట్టు ఆ నెలలో 30 మాత్రమే ఒప్పుకోవాలి. గడువు మార్చరానిదైతే పని పరిమాణాన్ని తగ్గించుకోవాలి.

రెండవది వారాంతపు సెలవు. ఇక్కడి ప్రభుత్వ కార్యాలయాలకు శుక్ర, శనివారాలు సెలవు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థలకు సాధారణంగా శని, ఆదివారాలు. ఉభయులకు వారధిగా నిలిచే తెలుగు ఇంజనీరుకు మిగిలే ఉమ్మడి సెలవు శనివారం ఒక్కటే. శుక్రవారం అటు నుండి, ఆదివారం ఇటు నుండి పిలుపు వస్తూనే ఉంటుంది. అక్కడ ఉదయం 9 గంటలైనప్పుడు ఇక్కడ 6.30. కనుక ఉమ్మడి సమావేశాలను సోమవారం నుండి గురువారం వరకు, ఇక్కడి ఉదయం 9 గంటల తరువాత జరుపుకొని, శుక్రవారపు బాధ్యతను వంతులవారీగా పంచుకోవడం మేలు.

నివాసానుమతి ఉద్యోగంతో ముడివడి ఉన్న పరదేశంలో 'ఇక చాలు' అనడం ఒంటరి ఉద్యోగికి సులభం కాదు. అందుకే ఆ మాటను జట్టు లెక్క చేత చెప్పించాలి.